యోనా కాల్చిన చుట్ట

ఒక తుఫానులో మా చర్చి గంట కొక్కెం నుంచి ఊడి, గాలికి లేచి, మోగుకుంటూ మోగుకుంటూ కృష్ణపట్నం వైపు పోయింది. రేవులో ఉన్న ఓడవాళ్ళు ఆ గంట తమనే పిలుస్తోందనుకుని లంగరెత్తి, గాలి తిరిగి గంట వెనక్కి మళ్ళితే దాని వెంట మా ఊరి ముందుకు వచ్చి నిలబడ్డారు. కెప్టెన్ దిగి వచ్చి, మా ఆవిడ రెబెక్కమ్మ చేతి చేపల పులుసు తిని, గంటను మర్యాదగా కొక్కేనికి తగిలించి పోయాడు.

నమ్మలేదు కదా? మంచిది, మీరు బాగుపడే రకమే. మా ఊరి పిల్లలు ఒకప్పుడు ఇలాంటివి చెపితే నోరు తెరుచుకుని నమ్మేవాళ్ళు. ఇప్పుడు గంట దగ్గర మొదలుపెడితే పులుసు దాకా పోనివ్వడం లేదు. వాళ్ళు ఇలా చెడిపోవడానికి కారణం మా అబిగయీలు. ఆ సంగతే చెప్పబోతున్నాను. ఇక మీదట ఇందులో కోతలు లేవు. ఉంటే పట్టుకోండి.

మా ఊరు విడవలూరు దాటాక, తారురోడ్డు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఉంటుంది. ఇటు మేం వరి చేలూ రొయ్యల గుంటలూ చూసుకుంటాం. అటు పాలెంలో వాళ్ళు సముద్రాన్ని చూసుకుంటారు. మధ్యలో చర్చి. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో సండే స్కూలు పెడతాం. పాలెం పిల్లలు కూడా వచ్చి కూర్చుంటారు. వాళ్ళ ఇళ్ళలో కొలిచే దేవుళ్ళు వేరే. అయినా కథ చెప్పే చోట పిల్లలు పక్కవాడి మోకాలు తగలకుండా జరిగి కూర్చుంటారు గానీ, ఇంకేమీ చూడరు.

చాలాకాలం ఆ క్లాసు నాదే. నేను ఊరి బళ్ళో ఐదు దాకా చదివాను. అదైనా పంతులుగారికి బదిలీ కావడం వల్ల. లేకపోతే ఆయన నన్ను నాలుగు దాటనిచ్చేవాడు కాదు. బైబిలు కథలు నాకు మా అమ్మ నోటి నుంచి వచ్చాయి. ఆమెకు చదువు లేదు, జ్ఞాపకం ఉంది. నాకు జ్ఞాపకం లేదు, నోరుంది. కథ మధ్యలో ఎక్కడైనా గుంట పడితే నా సొంత మట్టితో పూడ్చేసేవాణ్ణి. పిల్లలు ఆ మట్టి మీదే ఎక్కువ ఆడుకునేవాళ్ళు.

కిందటేడు, క్రిస్మస్‌కు ముందు మేం చేసుకునే సెమి క్రిస్మస్‌కు కొడవలూరు నుంచి జడ్సన్‌గారు వచ్చారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. మా వైపు చర్చిల సండే స్కూళ్ళన్నిటినీ ఏటా పరీక్షించేది ఆయనే. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఆయన పెళ్ళి ఫోటోలో కూడా నవ్వుతున్నది పెళ్ళికూతురొక్కతే అంటారు. అంటున్నది నేనేననుకోండి.

ఆయన కుర్చీలో కూర్చుని, మా చిన్నాను లేపి, "యోనా చేప కడుపులో ఏం చేశాడు?" అని అడిగారు.

చిన్నా చేతులు కట్టుకున్నాడు. "లోపల చీకటిగా ఉంటే చుట్ట ముట్టించినాడు సార్. ఆ పొగకి చేపకి దగ్గొచ్చి, ఒడ్డుకి కక్కేసినాది సార్."

"ప్రార్థన చేయలేదా?"

"చుట్ట అయిపోయినాక చేసినాడు సార్."

నేను స్తంభం వెనక్కి జరిగాను. ఆ స్తంభం చాలా సన్నం.

జడ్సన్‌గారు ఒక బైబిలు తీసి చిన్నా చేతికిచ్చి, నచ్చిన వాక్యం చదవమన్నారు. వాడు ఏ మాత్రం తడబడకుండా, గుక్క తిప్పుకోకుండా, వాక్యం చదివేశాడు. పుస్తకం తలకిందులుగా ఉంది. మా పిల్లలకు కంఠత వాక్యాలు బాగా వచ్చు. పుస్తకంతో వాళ్ళకు పనిలేదు.

అప్పుడు ఆయన సంఘ పెద్దల ముందు చెప్పేశారు. "వచ్చే సెమి క్రిస్మస్‌కు మళ్ళీ వస్తాను. పిల్లలు గ్రంథం తెరిచి, చదివి, జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే ఇక్కడ క్లాసు ఎత్తేసి విడవలూరు క్లాసులో కలిపేద్దాం."

కలపడమంటే మాటలా? ఆదివారం మా వైపు బస్సుండదు. మా వీధి పిల్లలు ఎవరి బండి వెనకో కూర్చుని పోతారు. పాలెం పిల్లల్ని ఎవరు తీసుకుపోతారు? ముఖ్యంగా ధనలక్ష్మిని. పాలెంలో నా స్నేహితుడు కామాక్షయ్య మనవరాలు. నాలుగో తరగతి. బళ్ళో వెనక బెంచీలో దాక్కునే పిల్ల, ఆదివారం మా వరండాలో మాత్రం ముందు వరసలో కూర్చునేది. క్లాసు పోతే ఆ పిల్లకు అదీ పోతుంది.

పెద్దలు నన్ను దించి, నా తమ్ముడి కొడుకు ఫ్రెడ్డీ భార్య అబిగయీలును టీచరుగా పెట్టారు. ఫ్రెడ్డీ రేవులో క్రేను నడుపుతాడు. ఆ అమ్మాయి బి.ఇడి. చదివింది. చార్టులు రాసింది, బొమ్మలు కత్తిరించింది, చేతులు తిప్పుతూ పాటలు నేర్పింది. పిల్లలు చేతులు బాగానే తిప్పారు. పుస్తకం తెరవమంటే మాత్రం ఒక్కొక్కరికీ నీళ్ళ దాహం వేసేది. నీళ్ళ కోసం పోయినవాళ్ళు పాలెం మొదట్లో బోర్లించిన పాత పడవ దగ్గర తేలేవాళ్ళు. ఆ పడవ నీడన కామాక్షయ్య వల బాగుచేసుకుంటుంటాడు. పక్కన నేనుంటాను.

ఒక ఆదివారం అబిగయీలు పమిట చెంగుతో చెమట తుడుచుకుంటూ అక్కడికే వచ్చేసింది.

"పిల్లకాయలంతా ఈడే ఉండారా! నేను పిలిచినా రారు. మీ కాడికి పిలవకుండానే వస్తారు. ఏం పెడతారు మామయ్యా వీళ్ళకి?"

"అబద్ధాలు తల్లీ. వేడివేడిగా."

కామాక్షయ్య వల లోంచి తలెత్తకుండానే నవ్వాడు. "నీ పని అయిపోయినాది బావా. ఇప్పుడు పడతాయి చూడు అక్షింతలు."

పడలేదు. ఆ అమ్మాయి ఇసుకలోనే కూలబడి, కాసేపు ఏదో లెక్క వేసుకుంటున్నట్టు నా వైపు చూసింది.

"వచ్చే ఆదివారం నుంచి మీరు నా క్లాసుకి రండి."

"వినడానికా?"

"చెప్పడానికి. ఎన్ని కోతలైనా కొయ్యండి, నేను అడ్డం రాను. ఒకటే షరతు. ఎవరికైనా అనుమానం వస్తే చెయ్యెత్తి 'కోత' అనొచ్చు. అన్నోళ్ళు ఆ కథ గ్రంథంలో తీసి, చదివి చూపించాల. నిజంగా కోతే అయితే మీరు ఒక వేరుశెనగ ఉండ ఇవ్వాల. కాకపోతే ఆ పిల్లకాయ వరండా ఊడవాల."

నాకు మనసు నొచ్చింది. "అంటే నా మాట పిల్లలు నమ్మకూడదనా? దేవుడి సంగతులు నమ్మాల గానీ, పరీక్ష పెట్టొచ్చునా?"

"పౌలు అంతటాయన చెప్తేనే బెరయ ఊరోళ్ళు ఊరికే తలూపలేదు మామయ్యా. ఆశగా విన్నారు, విని రోజూ గ్రంథం తీసి ఇది నిజమేనా అని చూసుకున్నారు. దానికి వాళ్ళని తిట్టలేదు, మెచ్చుకున్నారు. మీరు పౌలు కంటే పెద్దా?"

"పొడుగులోనా?"

"ఒప్పుకో బావా," అన్నాడు కామాక్షయ్య. "నీ కోతలు నా వలకి చిక్కేవి కాదు. పిల్లకాయలైతే పడతారు."

ఇంటికి పోయి రెబెక్కమ్మకు చెపితే నన్ను ఓదారుస్తుందనుకున్నాను. "పెళ్ళైన కాడి నుంచి నేను చేస్తా ఉండే పని అదే గదా. ఇప్పుడు ఊరంతా చేస్తారు, నాకు కాస్త విశ్రాంతి," అంది. అని, వేరుశెనగలు వేయించడానికి లేచింది. నేను ఓడిపోతానని ఆమెకు ఎంత నమ్మకమో చూడండి.

మొదటి ఆదివారం నేను ధైర్యంగానే పోయాను. గొల్యాతు పొద్దున్నే బుట్టెడు ఇడ్లీలు తిని, చెయ్యి కడుక్కోకుండానే యుద్ధానికి వచ్చాడని చెప్పాను. వరండా కప్పెగిరిపోయేలా "కోత!" అని అరిచారు. నేను తొణకలేదు.

"సరే, తీసి చూపించండి. యాడుందో చెప్పండి ఇడ్లీలు లేవని."

ఇక్కడే ఉంది కిటుకు. ఒక మాట పుస్తకంలో ఉందని చూపించాలంటే ఆ ఒక్క వరస చూపిస్తే చాలు. లేదని చూపించాలంటే మొత్తం చదవాలి. అబిగయీలు మూతి బిగించి నవ్వు ఆపుకుంటోంది. ఆ అమ్మాయి ఎంత దూరం చూసి ఈ ఆట పెట్టిందో నాకు అప్పుడు అర్థమైంది.

ఎవరూ కదల్లేదు. చివరికి ధనలక్ష్మి బైబిలు ముందుకు లాక్కుని, వేలు పెట్టి మొదలుపెట్టింది. అది పాతకాలపు తెలుగు, మాటలు బరువు. ఒక్కో మాట దగ్గర ఆగి, అక్షరం అక్షరం కూడగట్టుకుని, చదివింది. మిగతా పిల్లలు మొదట నవ్వారు. తరువాత గొల్యాతు కవచం బరువు దగ్గరికి వచ్చేసరికి మీద పడి చూడడం మొదలుపెట్టారు. అధ్యాయం అయ్యేసరికి మధ్యాహ్నం అన్నం వేళ దాటింది.

"యాడా ఇడ్లీ లేదు తాతా," అంది ధనలక్ష్మి, గొంతు బొంగురుపోయి. "రొట్టెలుండాయి, జున్నుగడ్డలుండాయి. అయ్యి కూడా గొల్యాతుకి కాదు."

ఉండ ఇచ్చాను. జున్నుగడ్డల సంగతి అప్పటిదాకా నాకే తెలియదు.

ఆ తరువాత నా బతుకు కష్టమైపోయింది. పెద్ద కోత కోస్తే నోరు తెరవకముందే పట్టేస్తున్నారు. చిన్నది కోయాలి, కథలో కలిసిపోయేలా కోయాలి. అలా కోయాలంటే అసలు కథ ఏమిటో ముందు నాకు తెలియాలి. శనివారం సాయంత్రాలు కళ్ళజోడు పెట్టుకుని వాకిట్లో బైబిలు ముందేసుకుని కూర్చునేవాణ్ణి. అబద్ధం చెప్పడానికి ఇంత చదవాల్సి వస్తుందని ముందే తెలిసుంటే నిజాయితీగానే బతికేవాణ్ణి.

అలా చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. శిష్యులు రాత్రంతా వల వేసి, ఏమీ పడక, తెల్లవారి ప్రభువు చెప్పిన వైపు వేస్తే వల నిండా పడ్డ కథ అది. నేను వందసార్లు చెప్పాను. ఎప్పుడూ వల నిండిన దగ్గరే ఆపేసేవాణ్ణి, చేపల సైజు పెంచుకోవడానికి అక్కడ బాగుంటుంది గనక. కాని కథ అక్కడ అయిపోలేదు. వాళ్ళు ఒడ్డుకు వచ్చేసరికి ఆయన నిప్పులు రాజేసి, చేప కాల్చి, రొట్టె పెట్టుకుని కూర్చున్నాడు. రండి, తినండి అన్నాడు. తిన్నాకే పేతురును ప్రశ్నలు అడిగాడు.

మరునాడు అది ఉన్నదున్నట్టు చెప్పాను. "కోత!" అని చిన్నా లేచాడు. "దేవుడు పొయ్యి ముట్టిస్తాడా తాతా!" వాడు పుస్తకం తీసి చదివాడు. ఈసారి పుస్తకం నిటారుగానే ఉంది. చదివి, గొణుక్కుంటూ పోయి చీపురు తెచ్చుకున్నాడు.

పడవ నీడన కామాక్షయ్యకు చెపితే అతను వల పక్కన పెట్టాడు. "పొద్దున్నే ఒట్టి చేతులతో ఒడ్డుకొచ్చినోడికి వేడి తిండి ఎవురు పెడతారు బావా? మీ సామికి మా కష్టం తెలిసినట్టుండాదే." చేతుల ఇసుక దులుపుకుని, "ముందు పెట్టి, తర్వాత అడిగినాడా ప్రశ్న?" అన్నాడు.

"తర్వాతే."

"మా సారోళ్ళు ముందే అడిగేవోళ్ళు," అని మళ్ళీ వల అందుకున్నాడు.

డిసెంబరు వచ్చింది. పరీక్ష రోజు సాయంత్రమే క్రిస్మస్ నాటకం. ప్రతి ఏడూ మాకు బాల యేసును చూడడానికి వచ్చే ముగ్గురు జ్ఞానులు, అట్టముక్కల కిరీటాలు, దుప్పట్లు. ఈసారి కూడా అబిగయీలు ముగ్గురు మొగపిల్లల్ని పెట్టింది. మిగిలినవాళ్ళు గొర్రెలు. ధనలక్ష్మి గొర్రె.

రిహార్సలు అయ్యాక ఆ గొర్రె నా దగ్గరికి వచ్చింది. "జ్ఞానులు ముగ్గురేనా తాతా?"

"ముగ్గురేమ్మా. చిన్నప్పుడు నేను కూడా ఒక జ్ఞానినే. నాటకం అయినాక ఆ జ్ఞానం దిగిపోయింది."

ఆ పిల్ల నవ్వలేదు. నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది. రిహార్సలు క్లాసు కాదు గనక అక్కడ కోత అనకూడదని దాని లెక్క.

సెమి క్రిస్మస్ పొద్దున జల్లు పడుతోంది. జడ్సన్‌గారు రెయిన్‌కోటులో స్కూటరు మీద వచ్చారు. పరీక్షకు ముందు పిల్లలందరికీ రెబెక్కమ్మ చేత ఉప్మా పెట్టించాను. జడ్సన్‌గారికి కూడా ఒక ప్లేటు ఇచ్చాను.

"పరీక్షకు ముందు ఫలహారమేమిటి?" అన్నారు.

"గ్రంథంలో అట్టనే ఉండాది సార్. తీసి చూసుకోండి."

ఆయన నన్ను అనుమానంగా చూశారు గానీ ఉప్మా తిన్నారు.

పిల్లలు చదివారు. కొందరు తడుముకున్నారు, ఒకరిద్దరు ఏడుపు మొహం పెట్టారు, అయినా చదివారు. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు. మొహం చూస్తే తెలియలేదు. ఆ మొహం అలాంటిది. అబిగయీలు పమిట కొసను వేలికి చుట్టడం, విప్పడం. "నిర్ణయం ముగింపు ప్రార్థన తరువాత చెపుతాను," అని ఆయన లేచి, పిల్లలకు నాలుగు మంచి మాటలు మొదలుపెట్టారు.

"తూర్పు దేశం నుంచి ముగ్గురు జ్ఞానులు చుక్కను చూసుకుంటూ..."

"కోత!"

ధనలక్ష్మి చెయ్యి పైకి లేచి ఉంది. ఆ వెంటనే అలవాటు కొద్దీ వరండా అంతా "కోత! కోత!" అని హోరెత్తిపోయింది. తరువాత ఎవరితో మాట్లాడుతున్నామో పిల్లలకు గుర్తొచ్చింది. జల్లు పడుతున్న చప్పుడు వినిపించింది.

అబిగయీలు మొహంలో నెత్తురు లేదు. నేను మళ్ళీ ఆ స్తంభం వెనక్కి జరిగాను. ఎందుకంటే జ్ఞానులు ముగ్గురే. నాకు తెలుసు, ఊరికి తెలుసు, క్రిస్మస్ కార్డులకు కూడా తెలుసు. ఇక క్లాసు లేచిపోయినట్టే, అదీ నేను నేర్పిన మాటతోనే.

"ఏమిటిది?" అన్నారు జడ్సన్‌గారు.

"ముగ్గురని లేదు సార్," అంది ధనలక్ష్మి. చెయ్యి దించలేదు. "చదివి చూపిస్తా సార్. ఉంటే వరండా నేనే ఊడుస్తా."

ఆయన కూర్చున్నారు. ఆ పిల్ల మత్తయి సువార్త తీసి, జ్ఞానుల కథ దగ్గర వేలు పెట్టి, చదవడం మొదలుపెట్టింది. జ్ఞానులు వచ్చారు. రాజును అడిగారు. చుక్క కదిలింది. ఇంటిలోకి పోయి మోకరించారు. బంగారం, సాంబ్రాణి, బోళం ఇచ్చారు. వేరే దారిన తమ దేశం పోయారు. మేమందరం ముగ్గురు ఎక్కడ వస్తారా అని ఒంగి ఒంగి విన్నాం. రాలేదు.

జడ్సన్‌గారు పుస్తకం తీసుకున్నారు. కళ్ళజోడు తుడుచుకుని చదివారు. పేజీ వెనక్కి తిప్పి మళ్ళీ చదివారు.

"మూడు కానుకలున్నాయి," అన్నారు నెమ్మదిగా.

"కానుకలు మూడే సార్. మనుషులు ఎందరో చెప్పలేదు."

"నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ముగ్గురనే చెప్పాను."

"మా తాత కూడా ముగ్గురే అన్నాడు సార్," అంది ధనలక్ష్మి నా వైపు చూపిస్తూ. "ఆయన్ని ఆదివారం పట్టుకుందామని దాచిపెట్టుకున్నా. మీరొచ్చి ముందే చెప్పేసినారు."

ఎవరో కిసుక్కుమన్నారు. జడ్సన్‌గారు అబిగయీలు వైపు తిరిగారు. "ఇలా అడగడం నువ్వే నేర్పావామ్మా?"

"నేనే సార్. తప్పుంటే నాది. పిల్లల్ని పంపెయ్యొద్దు సార్."

"పట్టుబడినవాళ్ళకు శిక్ష ఏమిటి?"

చిన్నా అందుకున్నాడు. "వేరుశెనగ ఉండ ఇవ్వాల సార్."

ఆయన జేబులు తడుముకున్నారు. రుమాలు, స్కూటరు తాళం తప్ప ఏమీ లేవు. నేను పోయి నా జేబులోని ఉండ ఒకటి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని ధనలక్ష్మికి, బహుమతి ఇచ్చేటప్పుడు ఇచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చారు.

"ఈ పిల్లల్ని విడవలూరు పంపితే అక్కడి టీచర్లు నన్ను బతకనివ్వరు," అన్నారు పెద్దలతో. "ఇక్కడే ఉండనివ్వండి. మిగతా ఊళ్ళ టీచర్లను ఒక్కో ఆదివారం ఇక్కడికి పంపిస్తాను. వచ్చి కూర్చుని చూడమనండి."

అబిగయీలు ఏడ్చింది. ముగింపు ప్రార్థన సంగతి అందరూ మరిచిపోయారు. గుర్తొచ్చి చేసేసరికి జల్లు కూడా ఆగింది.

సాయంత్రం నాటకానికి కొత్త చిక్కు వచ్చింది. గ్రంథంలో లెక్క లేదు గనక, గొర్రెలన్నీ జ్ఞానులైపోతామన్నాయి. అబిగయీలు కాదనలేకపోయింది. కిరీటాలకు అట్టలు చాల్లేదు. ఇళ్ళలోని తువ్వాళ్ళూ లుంగీలూ తలపాగాలయ్యాయి. ధనలక్ష్మి తలకు కామాక్షయ్య లుంగీ చుట్టుకుని అందరికంటే ముందు నడిచింది. చేతిలో సాంబ్రాణి డబ్బా. వెనక తోపులాట. చిన్నా మాత్రం అసలైన అట్ట కిరీటం తనదేనని దాన్ని పట్టుకునే నడిచాడు. గొర్రె ఒక్కటీ మిగల్లేదు. గొర్రెలు లేని కాపరులు ఎటు చూడాలో తెలియక జనాన్ని చూస్తూ నిలబడ్డారు.

జడ్సన్‌గారు ముందు వరసలో నా పక్కనే కూర్చున్నారు. జ్ఞానులు వస్తూనే ఉన్నారు. ఆయన లెక్కపెట్టబోయి మానేశారు. కాసేపటికి నా వైపు ఒంగారు. గొంతు బాగా తగ్గించారు.

"హెబ్రోనుగారూ, ఒక మాట. చేప కడుపులో అంత నీళ్ళుంటాయి కదా. యోనా చుట్ట తడిసిపోలేదా?"

నేను కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నాను. "మంచి ప్రశ్న అడిగినారు సార్. ఏం జరిగిందంటే, యోనా బయలుదేరేముందు వాళ్ళమ్మ ఆ చుట్టల్ని తాటాకు బుట్టలో..."

వేదిక మీంచి, జ్ఞానుల గుంపు లోంచి, లుంగీ తలపాగా కింద నుంచి ఒక గొంతు వచ్చింది.

"కోత!"